బావినీటి యందలి లవణములును, వాని ఆమ్ల క్షార గుణములును

సేద్యపు నీటిని గూర్చి రైతులలో ఒక నమ్మకము చాలకాలముగా వాడుకలో నున్నది. త్రాగుటకు తియ్యగా నుండి, పప్పు త్వరగా ఉడికి, సబ్బునకు నురుగు బాగుగా వచ్చు నీరు మంచినీరనియు, నాలుకకు ఉప్పగా తగులు నీరు చెడ్డనీరనియు వారు నిర్ణయింతురు. వంటయింటికి ఈ నిర్ణయము చాలును, పొలమునకు చాలదు. పప్పు ఉడికించు నీరే కొన్ని చోట్ల నల్లరేగడి నేలను పది పండ్రెండు పంటలలో చౌడుబార్చును. ఉప్పగా తోచిన నీరు, మురుగు పోవు వసతి యున్నచో, దానికంటె తక్కువ కీడు చేయుటయు కలదు. నీటిలో ఎంత లవణమున్నదన్న ప్రశ్నతోపాటు ఏ లవణమున్నదన్న ప్రశ్న వేయనిదే బావినీటి గుణము తెలియదు. ఈ భేదమునకు కారణమేమో, దానిని రైతు తన ఇంటిలోను, పొలములోను ఎట్లు కనిపెట్టవచ్చునో, కనిపెట్టిన పిదప చేయవలసిన దేమో ఇందు వివరింపబడుచున్నది.

1. ఆమ్లము, క్షారము, తటస్థము

చింతపండు రసము, నిమ్మరసము, పుల్లమజ్జిగ ఆమ్లములు. బూడిద కలిపి తేర్చిన నీరు, సున్నపు తేట, చాకలి సోడా నీరు క్షారములు. ఈ రెంటిలో దేనికిని చేరనిది తటస్థము. పసుపునకు సున్నము తగిలినచో ఎఱ్ఱని పారాణి యగుట అందఱు ఎఱిగినదే. క్షారము సోకినపుడు పసుపు రంగు మారును. నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును. రసాయన శాలలలో ఆమ్ల క్షారములను గుర్తించుటకు వాడు రంగుల కాగితములు ఈ పద్ధతిలోనే పనిచేయును.

శుద్ధమైన నీటిలో సైతము మిక్కిలి స్వల్పభాగము రెండు అంశములుగా విడివడి యుండును. ఒకటి ఆమ్లమునకు మూలమైన ఉదజని అంశము. రెండవది క్షారమునకు మూలమైన అంశము. శుద్ధజలములో ఈ రెండును సమానము కావున నీరు తటస్థముగా నుండును. మొదటిది హెచ్చినచో నీరు ఆమ్లమగును, రెండవది హెచ్చినచో క్షారమగును.

ఈ హెచ్చుతగ్గులను కొలుచుటకు 1909లో కోపెన్‌హాగెను నగరములోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ఒక అంకమును ఏర్పఱచెను. దానికి పి.హెచ్. అంకమని పేరు. శుద్ధజలము లీటరులో ఉదజని అంశము గ్రామునందు కోటివ వంతు ఉండును. కోటికి సున్నలు ఏడు గనుక తటస్థజలము అంకము 7. ఆ అంశము లక్షవ వంతైనచో సున్నలు ఐదు, అంకము 5, నీరు ఆమ్లము. పదికోట్లవ వంతైనచో సున్నలు ఎనిమిది, అంకము 8, నీరు క్షారము. అంకము ఒకటి మారినచో గుణము పది రెట్లు మారినదని గ్రహింపవలెను. కావున 7 అంకము గల నీటికిని, 9 అంకము గల నీటికిని భేదము రెండు కాదు, నూరు రెట్లు.

2. లవణములు మూడు తెగలు

ఆమ్లమును, క్షారమును కలసినపుడు లవణము పుట్టును. పుట్టిన లవణము తన తల్లిదండ్రులలో బలవంతమైన దాని గుణమును చూపును. ఈ సూత్రము నెఱిగినచో లవణములు మూడు తెగలుగా విడిపోవును.

మొదటి తెగ తటస్థ లవణములు. బలమైన ఆమ్లము, బలమైన క్షారము కలసి పుట్టినవి. తినెడి ఉప్పు, గంధకికామ్లమునకు చెందిన సోడియము లవణము, జిప్సము ఈ తెగవి. ఇవి ఎంత కరగినను శుద్ధజలము యొక్క అంకము దాదాపు మారదు. కడివెడు నీటిలో దోసెడు ఉప్పు వేసినను పసుపు ఎఱ్ఱబడదు. ఉప్పునీరు పైరునకు కీడు చేయును గాని ఆ కీడు వేఱు విధమైనది; వేరు నీటిని పీల్చుకొన లేకుండ అడ్డుపడుట దాని పని.

రెండవ తెగ క్షార లవణములు. బలమైన క్షారము, బలహీనమైన ఆమ్లము కలసి పుట్టినవి. చాకలి సోడా, వంటసోడా ఈ తెగవి. వీనికి ఆమ్లపక్షమున నున్నది బొగ్గుపులుసు వాయువు నీటితో కలసిన బలహీనమైన ఆమ్లము. ఇట్టి లవణము నీటిలో కరగినపుడు దాని ఆమ్లభాగము నీటి ఉదజని అంశమును పట్టుకొనును, క్షారాంశము మిగిలిపోవును. చాకలివారు పూర్వము చౌడు మన్ను తెచ్చి బానలో బట్టలు ఉడికించుటకు కారణమిదియే. ఆ మట్టిలో సోడా యున్నది. అది జిడ్డును విడగొట్టును.

మూడవ తెగ ఆమ్ల లవణములు. బలమైన ఆమ్లము, బలహీనమైన క్షారము కలసి పుట్టినవి. పటిక, అన్నభేది, అమోనియము సల్ఫేటు ఈ తెగవి. బురదనీటిని తేర్చుటకు పటిక త్రిప్పినపుడు దానిలోని అల్యూమినియము నీటి క్షారాంశముతో కూడి జిగటపొరలుగా అడుగునకు దిగును. నీటిలో ఆమ్లాంశము మిగులును. ఫ్లోరైడు గల నీటిని శుద్ధిచేయుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970వ దశకమున రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటికతోపాటు సున్నమును కూడ కలుపుట ఇందుచేతనే. పటిక తెచ్చు పులుపును సున్నము సరిచేయును.

3. వాననీరు బావినీరగు విధము

వాననీరు ఆకాశమునుండి దిగునపుడే గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరగించుకొనును. కావున కల్మషములేని వాననీటి అంకము సుమారు 5.6 ఉండును. అది నేలలోనికి ఇంకునపుడు వేళ్లును, క్రుళ్లుచున్న ఆకు అలమును విడుచు అదే వాయువు మఱి యెంతో చేరును. ఈ కొంచెపు పులుపే రాతిని కరగించు ఆయుధము.

తెలంగాణమున పెక్కు తావుల భూమి అడుగున నున్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజములనుండి సోడియము, సున్నపు మూలమైన కాల్షియము, మెగ్నీషియము అను మూడును నీటిలోనికి దిగును. ఇవి బొగ్గుపులుసు ఆమ్లముతో కూడి బైకార్బొనేటులుగా బావినీటిలో నిలుచును. కాల్షియము, మెగ్నీషియములు ఎక్కువగా నుండిన నీరు కఱకునీరు. అందు పప్పు ఉడుకదు, సబ్బు నురుగు రాదు, కాచిన పాత్రకు తెల్లని పెచ్చు కట్టును. సోడియము ఎక్కువగా నుండి కాల్షియము తక్కువైన నీరు మెత్తనినీరు. అందు పప్పు త్వరగా ఉడుకును, సబ్బు నురుగు నిండుగా వచ్చును. అన్నము మాత్రము కొంచెము పచ్చనై దిగును. గృహిణి మెచ్చు నీరు ఇది. నేలకు వెఱవదగిన నీరును ఇదియే.

ఇంకొక విషయము. బావి అడుగున నున్నంతసేపు ఈ నీటిలో బొగ్గుపులుసు వాయువు నిండుగా కరగి యుండును. ఆ వాయువు యొక్క పులుపు సోడా యొక్క క్షారమును కప్పిపుచ్చును. అప్పుడే పంపునుండి పట్టిన నీటిని పరీక్షించినచో అంకము 7.4 మాత్రమే చూపవచ్చును. అదే నీరు కాలువలో పాఱి, మడిలో నిలిచి, వాయువును గాలికి విడిచిన తరువాత 8.5 దాటి పోవును. కావున బావి గట్టున తీసిన ఒక్క అంకమును చూచి నీరు మంచిదని రైతు నిశ్చయింపరాదు.

4. మడిలో నీరు ఆఱునపుడు జరుగునది

లీటరునకు ఒక గ్రాము లవణములు గల నీటిని ఎకరమునకు ఒక అంగుళము ఎత్తున పెట్టినచో, నీరు సుమారు 1,03,000 లీటర్లు. దానితో నేలకు చేరు లవణము నూటికి పైగా కిలోలు. నీటిని పైరు త్రాగును, ఎండ ఎగురగొట్టును. లవణము నేలలో నిలుచును.

నీరు తఱుగుచుండగా లవణములన్నియు ఒకేమాఱు అడుగంటవు. మొట్టమొదట విడివడునది సున్నపురాయి. కాల్షియమును, కార్బొనేటును జతకూడి కరగని పొడిగా నేలలో దిగిపోవును. ఇక్కడనే బావినీటి భవిష్యత్తు నిర్ణయమగును. నీటిలో కాల్షియము, మెగ్నీషియములు ఎక్కువై బైకార్బొనేటు తక్కువైనచో, బైకార్బొనేటు ముందుగా తీఱిపోవును. మిగిలిన నీరు ఉప్పగా నుండును గాని తీవ్రమైన క్షారము కాదు. బైకార్బొనేటు ఎక్కువై కాల్షియము, మెగ్నీషియములు తక్కువైనచో, ఇవి ముందుగా తీఱిపోవును. మిగిలిన బైకార్బొనేటునకు జత సోడియమే. అది క్రమముగా చాకలి సోడాగా మాఱును. మడిలోని నీటి అంకము 9 దాటి పోవును. బావిలో తియ్యగా నున్న నీరు నేలలో చాకలి బాన నీరగుట ఇట్లు.

ఇట్లు మిగులు సోడాను లెక్కించు విధానమును 1950లో ఈటన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కార్బొనేటు, బైకార్బొనేటుల మొత్తమునుండి కాల్షియము, మెగ్నీషియముల మొత్తమును తీసివేయగా మిగులునదియే శేష సోడా. దీనిని లీటరునకు ఇన్ని మిల్లీతుల్యములని ప్రయోగశాలవారు చెప్పుదురు. ఒక మిల్లీతుల్యపు సోడియమునకు ఒక మిల్లీతుల్యపు కాల్షియము సరిజోడు అని మాత్రము రైతు గ్రహించిన చాలును. శేషము 1.25 లోపుగా నున్న నీరు నిర్భయముగా వాడదగినది. 1.25 మొదలు 2.5 వఱకు జాగ్రత్తతో వాడదగినది. 2.5 దాటినది చికిత్స లేక వాడదగనిది.

5. నేలకు కలుగు కీడు

నేలలోని బంకమట్టి రేణువులు తమ చుట్టును కాల్షియము, మెగ్నీషియము, సోడియము మొదలగు వానిని పట్టి యుంచుకొనును. చేరిన నీటిని బట్టి ఒకదానిని విడిచి మఱియొకదానిని గైకొనును. నేలకు గల ఈ మార్పిడి గుణమును ఇంగ్లండులో థామస్ వే అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ప్రకటించెను. కాల్షియము పట్టిన రేణువులు ఒకదాని నొకటి అంటి, చిన్న గుళికలుగా కూడి యుండును. గుళికల నడుమ సందులలో నీరు ఇంకును, గాలి ఆడును, వేరు దిగును. సోడియము హెచ్చుగా పట్టిన రేణువులు విడివిడియై నీటిలో తేలి, సందులను పూడ్చివేయును. అప్పుడు పెట్టిన నీరు దినముల తరబడి నిలుచును; ఆఱిన పిదప నేల ఇటుకవలె గట్టిపడి పగుళ్లు తీయును; విత్తనము మొలక పెచ్చును చీల్చుకొని రాలేదు.

క్షారము హెచ్చిన నేలలో ఎరువులును వృథా యగును. యూరియా, పశువుల ఎరువులలోని నత్రజని అమోనియా వాయువై గాలిలో కలసిపోవును. జింకు, ఇనుము పైరునకు అందవు. వరి ఆకులపై త్రుప్పువంటి మచ్చలు పడి, పిలకలు తగ్గి, పైరు కురచబడుట జింకు లోపమునకు గుర్తు. వేరుసెనగ లేత ఆకులు పాలిపోవుట ఇనుము లోపమునకు గుర్తు.

రైతులు చౌడును పాలచౌడు, కారుచౌడు అని రెండుగా చెప్పుదురు. ఈ విభజన శాస్త్రమునకు సరిపోవునది. పాలచౌడున తటస్థ లవణములు తెల్లని పొరగా పైకి తేలును. అంకము సాధారణముగా 8.5 దాటదు, నేల గుల్లగా నుండును. కారుచౌడున సోడా నేలలోని కుళ్లిన సేంద్రియ పదార్థమును కరగించి నల్లని పొరగా చూపును, అంకము 8.5 దాటి 10 వఱకు పోవచ్చును. నేల బిగిసి యుండును.

వీని రెంటికి నడుమ ఒక మోసకరమైన స్థితి కలదు. తటస్థ లవణములును, మట్టి పట్టిన సోడియమును రెండును హెచ్చుగా నున్న నేలలో, లవణములు ఉన్నంతసేపు బంకరేణువులు విడిపోక కూడియే యుండును. అంకమును అంతగా పెరుగదు. ఒక మంచి వర్షము వచ్చి లవణములను కడిగివేసినంతనే సోడియపు మట్టి తన గుణమును బయట పెట్టును. అంకము పైకి లేచును, నేల బిగిసిపోవును. చౌడును నీటితో కడిగిన తరువాత పొలము బాగుపడుటకు మాఱుగా చెడినదని కొందఱు వాపోవుటకు కారణమిదియే. అట్టి నేలకు కడుగుటకు ముందు జిప్సము వేయవలసి యుండెను.

ఈ చౌడు సమస్య తెలుగునాట మాత్రమే పుట్టినది కాదు. ఉత్తర హిందూస్థానమున కాలువల క్రింద భూములు రేహ్ అను చౌడుచే చెడుటను విచారించుటకు 1876లో ఒక సంఘము నియమింపబడెను. 1969లో హర్యానాలోని కర్నాలు నగరమున కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ స్థాపింపబడి, జిప్సముతో చౌడు భూములను సాగులోనికి తెచ్చు పద్ధతులను వ్యాప్తిలోనికి తెచ్చెను.

6. రెండు బావుల ఉదాహరణము

లెక్క స్పష్టపడుటకు రెండు బావులు గల ఒక కమతమును ఊహింతము. మొదటి బావి నీరు తియ్యన. కార్బొనేటు, బైకార్బొనేటులు 9, కాల్షియము, మెగ్నీషియములు 4 మిల్లీతుల్యములు. రెండవ బావి నీరు కొంచెము ఉప్పన. బైకార్బొనేటు 5, కాల్షియము, మెగ్నీషియములు 8. తక్కినది ఎక్కువగా తినెడి ఉప్పు. రుచిని బట్టి రైతు మొదటి బావి క్రింద నల్లరేగడిని, రెండవ బావి క్రింద చల్కను పెట్టును.

శేషము తీసి చూచినచో మొదటి బావియందు 9 నుండి 4 పోగా 5, హద్దునకు రెండింతలు. రెండవ బావియందు శేషమే లేదు. మొదటి బావి నీరు చికిత్స లేక నల్లరేగడికి పెట్టదగినది కాదు. రెండవ బావి నీరు ఇసుక పాలు గల చల్క నేలలో, మురుగు పోవు దారి యున్నచో, ఉప్పునకు ఓర్చు పైరులకు వాడదగినది. అయినను అందలి ఉప్పు వేసవి కాలమున వేళ్లచుట్టు కూడకుండ ఏటేట వాననీటిచే కడుగబడవలెను. రుచి చెప్పిన తీర్పు ఈ విధముగా తలక్రిందగును.

మొదటి బావివంటి నీటిని త్రాగుటకు వాడు కుటుంబములు మఱియొక పరీక్షయు చేయించుకొనవలెను. కాల్షియము తక్కువై సోడా ఎక్కువైన నీటిలో ఫ్లోరైడు నిలుచుటకు అవకాశము హెచ్చు. ఫ్లోరైడు వ్యాధి మనదేశమున మొదట 1937లో నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లాయందు గుర్తింపబడెను. నల్లగొండ జిల్లా ఈ బాధకు పేరుపడినదే.

7. ఇంటియందు చేయదగిన పరీక్షలు

ఇవి అనుమానమును తెలుపునవే గాని ప్రయోగశాలకు బదులు కావు.

పసుపు పరీక్ష: తెల్లని అద్దుడు కాగితమును పసుపునీటిలో ముంచి నీడను ఆఱబెట్టవలెను. శుభ్రమైన గిన్నెలో నాలుగు గ్లాసుల బావినీటిని ఒక గ్లాసు మిగులు వఱకు మరగించి, చల్లార్చి, తేటను వేఱుచేయవలెను. మరగినపుడు వాయువు వెడలిపోవును; కాల్షియము పెచ్చుగా దిగును; సోడా మాత్రము తేటలో మిగులును. ఆ తేటలో ముంచిన పసుపు కాగితము స్పష్టముగా ఎఱ్ఱబడినచో నీరు అనుమానింపదగినది. దానిపై నిమ్మరసము చుక్క వేయగా మరల పచ్చనైనచో ఆ ఎఱుపు క్షారము వలననే వచ్చినదని రూఢియగును.

మట్టిగడ్డ పరీక్ష: పొలములోని ఎండిన చిన్న మట్టిగడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో కదపక జాఱవిడువవలెను. గడ్డ చుట్టును పాలవంటి మబ్బు క్రమ్మి మఱునాటికి కూడ తేఱకున్నచో ఆ నేలను సోడియము పట్టినదని అనుమానింపవలెను. దీనికి బావినీరు వాడరాదు. బావినీటిలోని లవణములు మట్టిని కూడగట్టి నిజమును దాచును.

8. నమూనా పంపు విధము

పంపు కొంతసేపు నడచిన తరువాత, శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుమాఱులు తొలిచి, ఒక లీటరు నీటిని అంచు వఱకు నింపి, గాలి మిగులకుండ బిరడా బిగింపవలెను. గాలి మిగిలినచో వాయువు వెడలి, అంకము మాఱును. రైతు పేరు, గ్రామము, సర్వే నంబరు, బావి లోతు, పట్టిన తేదీ చీటిపై వ్రాసి అంటింపవలెను. ఆలస్యము చేయక ప్రయోగశాలకు చేర్పవలెను. వేసవి చివర ఒకమాఱు, వానల పిదప ఒకమాఱు పరీక్ష చేయించినచో నీటి గుణము పూర్తిగా తెలియును. అంకము ఒక్కటి చాలదు. మొత్తపు లవణము, కార్బొనేటు, బైకార్బొనేటు, కాల్షియము, మెగ్నీషియము, సోడియములు కూడ తెలుపుమని కోరవలెను. అదేసమయమున పొలపు మట్టి నమూనాను కూడ పంపవలెను.

9. చికిత్స

జిప్సము: దీనిలో కాల్షియము, గంధకికామ్లము కలసి యున్నవి. ఇది తటస్థము, నీటిని క్షారముగా చేయదు, కాల్షియమును మాత్రము సమకూర్చును. శేష సోడా ఒక మిల్లీతుల్యము తగ్గించుటకు లీటరునకు 86 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సము కావలెను. ఎకరమునకు ఒక అంగుళపు నీటికి ఇది సుమారు 9 కిలోలు. పైని చెప్పిన మొదటి బావి శేషము 5ను 2.5కు దింపుటకు అంగుళమునకు 22½ కిలోలు. రెండంగుళముల తడికి 45 కిలోలు. జిప్సము శుద్ధి నూటికి 80 పాళ్లైనచో 56 కిలోలు వాడవలెను. జిప్సము మెల్లగా కరగును గనుక, పంపునీరు పడుచోట తొట్టి కట్టి, అందు జిప్సపు గడ్డలు పోసి, నీరు వాని గుండ పోవునట్లు చేయుట ఒక పద్ధతి. మెత్తని పొడిని నేలపై చల్లి కలియదున్నుట రెండవ పద్ధతి. ఇదివఱకే చెడిన నేలకు మోతాదు మట్టి పరీక్షను బట్టి నిర్ణయింపవలెను.

నీరు మార్చుట: చెఱువునీరు గాని, కాలువనీరు గాని దొరకినపుడు దానితో కలిపి గాని, తడి విడిచి తడి గాని వాడినచో సోడా భారము తగ్గును. మొలకదశలో మంచినీటిని, పైరు బలిసిన పిదప సోడానీటిని వాడుట మేలు. వాననీటిని కట్టలచే పొలమునందే నిలుపవలెను.

మురుగు: జిప్సము సోడియమును మట్టినుండి విడిపించును గాని పొలమునుండి వెళ్లగొట్టదు. దానిని తీసికొనిపోవునది క్రిందికి ఇంకు నీరే. మురుగు కాలువ లేని పల్లపు మడిలో జిప్సపు ఖర్చు వ్యర్థము.

పచ్చిరొట్ట: జీలుగ చౌడునకు ఓర్చునది. పూతకు ముందు కలియదున్నినచో అది క్రుళ్లునపుడు పుట్టు బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నపురాతి పొడిని కరగించి కాల్షియమును విడుదల చేయును. పశువుల ఎరువును ఈ మేలు చేయును.

ఎరువులు: క్షార నేలలలో అమోనియము సల్ఫేటు ఆమ్లగుణము వలన మేలైనది. సూపరు ఫాస్ఫేటులో సుమారు సగము జిప్సమే గనుక భాస్వరమునకు దానిని కోరుట మంచిది. వరికి జింకు లోపము గల చోట ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటును దమ్ములో వేయవలెను. భాస్వరపు ఎరువుతో దానిని కలుపరాదు.

10. చేయరానివి

సున్నము వేఱు, జిప్సము వేఱు. రెంటియందును కాల్షియము కలదని విని కారుచౌడునకు సున్నము చల్లుట అగ్నిలో నేయి పోసినట్లగును. సున్నము స్వయముగా బలమైన క్షారము.

బావిలో చింతపండు, పటిక మొదలగునవి వేసి నీటి క్షారమును పోగొట్టుదు మనుట వృథా ప్రయాస. బైకార్బొనేటు చేరిన ఆమ్లమును ఎప్పటికప్పుడు మ్రింగివేయును. ఊట మరల అదే నీటిని తెచ్చును.

పొలమున తెల్లని పొర కనబడినంతనే జిప్సము కొనరాదు. శుద్ధమైన పాలచౌడునకు కావలసినది మంచినీరును, మురుగు కాలువయును మాత్రమే. ఏ చౌడో తెలియక చేసిన చికిత్స ధనవ్యయమే యగును.

పంట తగ్గిన పిదప నీటి పరీక్షకు బయలుదేరుట కంటె, కొత్త బావిగాని, బోరుగాని పడిన యేడే పరీక్షించుట లాభకరము. చెడిన నేలను బాగుచేయుటకు ఏండ్లు పట్టును. చెడకుండ కాపాడుటకు ఒక సీసా నీరును, ఒక చీటియును చాలును. నాలుక రుచిని చెప్పును. నేల ఆరోగ్యమును చెప్పదు. నీటి పరీక్ష పత్రమును పట్టా కాగితములతో సమముగా భద్రపఱచి, మూడేండ్ల కొకమాఱు క్రొత్త పరీక్షతో సరిచూచుకొను రైతు తన భూమి సారమును తన సంతానమునకు చెడకుండ అప్పగింపగలడు.